విమానానికి ఎత్తు, వేగం ఎలా తెలుస్తాయి?

విమానం నడపడం నేర్చుకొనేవాడికి మొదటి పాఠం ఆకాశంలో జరగదు. నేలమీద నిలిచివున్న విమానం చుట్టూ నడుస్తూ జరుగుతుంది. మా బడిలో చదువుకొని ఇప్పుడు విమాన శిక్షణలో ఉన్న కుర్రవాడొకడు సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాడు.

"రోజూ ఎక్కేముందు రెండు చిల్లులు చూసుకోవాలి మాస్టారూ! ఒకటి రెక్క కింద, ఒకటి విమానం పక్కన. వాటిలో ఏమైనా అడ్డుపడిందేమో చూడకుండా ఎక్కితే మా ఇన్‌స్ట్రక్టరు ఊరుకోరు" అన్నాడు.

అంత పెద్ద యంత్రానికి అగ్గిపుల్ల దూరేంత చిల్లులతో పనేమిటి? పని ఉంది. తాను ఎంత ఎత్తులో ఉన్నదీ, ఎంత వేగంతో పోతున్నదీ విమానానికి తెలిసేది ఆ చిల్లుల వల్లనే.

శిక్షణకు వాడే సెస్నా 172 వంటి చిన్న విమానంలో పైలట్ ఎదుట గడియారాల్లాంటి ఆరు మీటర్లు రెండు వరసల్లో ఉంటాయి. కొత్త విమానాల్లో వీటి బదులు టీవీ తెరలాంటిది ఉంటుంది కాని, వెనకనున్న చిల్లులు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ ఆరింటిలో మూడు గాలి పీడనంతో పనిచేస్తాయి. మిగిలిన మూడు బొంగరాలతో పనిచేస్తాయి. ముందు గాలితో పనిచేసేవాటిని చూద్దాం.

ఎత్తుమాపకం పేరుకే ఎత్తుమాపకం. దానికి అడుగులూ తెలియవు, మీటర్లూ తెలియవు. నిజానికది మీరు తొమ్మిదో తరగతిలో చదువుకొన్న ద్రవరహిత భారమితి. ముడతలుగల పలుచని లోహపు డబ్బీలోంచి గాలి తీసివేసి గట్టిగా మూసేస్తారు. దాన్ని మరొక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను గొట్టం ద్వారా విమానం పక్కనున్న చిల్లుకు కలుపుతారు. విమానం పైకి పోయేకొద్దీ బయట పీడనం తగ్గుతుంది, డబ్బీ ఉబ్బుతుంది. ఆ ఉబ్బును పళ్లచక్రాలు ముల్లుకు అందిస్తాయి.

సముద్రమట్టం దగ్గర గాలి పీడనం సుమారు 1013 హెక్టోపాస్కళ్లు. (నా వయసువాళ్లు వీటినే మిల్లీబార్లు అని నేర్చుకున్నారు.) అక్కడినుంచి ప్రతి 27 అడుగులకూ దాదాపు ఒక హెక్టోపాస్కల్ చొప్పున తగ్గుతుంది. హైదరాబాదు ఎత్తుకు వచ్చేసరికి 950 ప్రాంతంలో ఉంటుంది. ఈ లెక్క తెలుసు కాబట్టి, ముల్లు వెనకనున్న పలకమీద హెక్టోపాస్కళ్లకు బదులు అడుగులు అచ్చువేశారు. అంతే!

ఇందులో ఒక చిక్కు ఉంది. గాలి పీడనం ఎత్తుతోనేకాక వాతావరణంతో కూడా మారుతుంది కదా! కార్తీకమాసంలో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందనుకోండి. విశాఖపట్నంలో పీడనం 1013 నుంచి 993కు పడిపోయింది. పాత పీడనమే పెట్టుకొని వచ్చిన విమానం రన్‌వేమీద దిగి నిలబడ్డా దాని మీటరు 540 అడుగులు చూపుతుంది. మరోమాటలో చెప్పాలంటే, చీకట్లో వెయ్యి అడుగుల ఎత్తున ఉన్నాననుకొనే పైలట్ నిజానికి 460 అడుగుల్లోనే ఉన్నాడు. యారాడ కొండ అంతకన్న ఎత్తుగా ఉంటుంది. అందుకే మీటరు కింద చిన్న మర ఉంటుంది. దిగబోయేచోటి పీడనాన్ని రేడియోలో అడిగి తెలుసుకొని, ఆ అంకెకు మర తిప్పుకొంటారు.

ఇక వేగం. బండికి చక్రాలున్నాయి కాబట్టి చక్రం తిరుగుళ్లు లెక్కపెడితే వేగం తెలుస్తుంది. గాలిలో ఉన్నదానికి చక్రం ఏం చెబుతుంది? దీనికి ఉపాయం విమానాలు పుట్టకముందే, 1732లో దొరికింది. హెన్రీ పిటో అనే ఫ్రెంచి ఇంజనీరు పారిస్‌లోని సేన్ నదిలో రెండు గాజు గొట్టాలు ముంచాడు. ఒకటి తిన్ననిది. మరొకదాని అడుగుభాగం లంబకోణంలో వంచి, దాని నోరు ప్రవాహానికి ఎదురుగా పెట్టాడు. పారే నీరు వంపుగొట్టంలోకి తోసుకువచ్చి పైకి లేచింది. ఎంత జోరుగా పారితే అంత పైకి! నదిలో లోతుకు పోయినకొద్దీ ప్రవాహం జోరు పెరుగుతుందని ఆనాటివాళ్ల నమ్మకం. అది తప్పని ఈ గొట్టమే తేల్చింది.

ఇది మీరూ చేయవచ్చు. పెద్దవాళ్లను వెంటబెట్టుకొని లోతులేని పంటకాలువ దగ్గరకు వెళ్లండి. సెకనుకు ఒక మీటరు వేగంతో పారే నీటిలో వంపుగొట్టపు నీరు 5 సెంటీమీటర్లు లేస్తుంది. వేగం రెట్టింపయితే 10 కాదు, 20 సెంటీమీటర్లు లేస్తుంది. తోపుడు వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుందన్నమాట.

విమానం రెక్క కింద ముందుకు పొడుచుకువచ్చి ఉండేది ఈ పిటో గొట్టమే. నీటికి బదులు గాలి. దాని నోటిలోకి దూసుకువచ్చే గాలి పీడనం ఒక డబ్బీ లోపలికి పోతుంది. డబ్బీ చుట్టూ ఉన్న పెట్టెలోకి పక్క చిల్లునుంచి మామూలు గాలి పీడనం వస్తుంది. రెంటికీ ఎంత తేడా ఉంటే డబ్బీ అంత ఉబ్బుతుంది. ఆ ఉబ్బే వేగం.

ఆ తేడా ఎంతో తెలిస్తే ఆశ్చర్యపోతారు. వంద నాట్ల వేగంతో పోయే విమానంలో అది సుమారు 16 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానం. (నాట్లు అంటే వరినాట్లు కావు; ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు.) యాభై నాట్ల దగ్గర నాలుగు సెంటీమీటర్లే. మీరు బుగ్గలు పూరించి ఊదితే అంతకన్న ఎక్కువే పుట్టించగలరు! అందుకే పిటో గొట్టాన్ని నోటితో ఊదకూడదని శిక్షణలో గట్టిగా చెబుతారు. ఊదితే లోపలి పరికరం పాడవుతుంది.

ఈ మీటరు చూపేది గాలిలో వేగం, నేలమీద వేగం కాదు. గోదావరిలో ఏటికి ఎదురు పోయే పడవ ఎంత చకచక నడిచినా గట్టుమీది చెట్టు కదిలినట్టే ఉండదు చూడండి, అలాంటిదే ఎదురుగాలిలో విమానం పని. నేలమీద వేగాన్ని ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో చక్కగా కనుక్కోవచ్చు. కాని రెక్కను మోసేది నేల కాదు, గాలి. ఆ గాలి తోపుడు చాలినంత లేకపోతే విమానం పడిపోతుంది. కాబట్టి ప్రాణాలు నిలబెట్టే అంకె ఈ గొట్టం చెప్పేదే.

మూడో మీటరు ఎంత జోరుగా ఎక్కుతున్నదీ దిగుతున్నదీ చెబుతుంది. పక్క చిల్లు పీడనం దాని డబ్బీలోకి వెంటనే పోతుంది; చుట్టూవున్న పెట్టెలోకి సన్న పంక్చరులాంటి దారిగుండా ఆలస్యంగా పోతుంది. ఆ ఆలస్యంలోంచే దాని లెక్క.

సరే, చిల్లు మూసుకుపోతే?

వేసవి సెలవుల తరువాత మా ల్యాబు తెరిచినప్పుడల్లా ఏదో ఒక కుళాయి మూతిలో కందిరీగ మట్టిగూడు కనబడుతుంది. గొట్టమంటే దానికి ఇష్టం. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటానుంచి బయలుదేరిన బోయింగ్ 757 ఒకటి కాసేపటికే సముద్రంలో కూలింది. 189 మంది చనిపోయారు. అంతకుముందు కొన్ని రోజులు దాని పిటో గొట్టాలకు తొడుగులు వేయలేదు. కెప్టెన్ వైపు గొట్టంలో కందిరీగలు గూడు కట్టి ఉంటాయని విచారణ చేసినవాళ్ల అభిప్రాయం.

అక్కడ జరిగినదాన్ని డబ్బీతో ఆలోచించండి. గొట్టం మూసుకుపోయింది కాబట్టి డబ్బీలో పాత గాలి చిక్కుకొంది. దాని పీడనం మారదు. విమానం పైకి పోయేకొద్దీ చుట్టూవున్న పెట్టెలో పీడనం తగ్గుతుంది. తేడా పెరిగింది, డబ్బీ ఉబ్బింది, వేగం పెరుగుతున్నట్టు ముల్లు చూపింది. వేగమాపకం చడీచప్పుడు లేకుండా ఎత్తుమాపకంగా మారిపోయింది! వేగం మరీ ఎక్కువైందనిపిస్తే ముక్కు పైకెత్తుతారు. ఎత్తితే అసలు వేగం ఇంకా తగ్గుతుంది, మీటరుమీది వేగం ఇంకా పెరుగుతుంది. కో-పైలట్ ముందున్న మీటరు సరిగానే పనిచేస్తున్నది.

అదే సంవత్సరం అక్టోబరు 2న పెరూ దేశంలోని లిమానుంచి అర్ధరాత్రి దాటాక మరొక 757 లేచింది. దాన్ని శుభ్రం చేసేటప్పుడు నీళ్లు పోకుండా పక్క చిల్లులకు టేపు అంటించారు. తరువాత తీయడం మరిచారు. ఎత్తు, వేగం రెండూ తప్పే. కింద సముద్రం, పైన చీకటి. మా ఎత్తు ఎంతో చెప్పండని పైలట్లు రేడియోలో అడిగారు. కంట్రోలరు తన రాడార్ తెర చూసి 9,700 అడుగులన్నాడు. కాని ఆ తెరమీది ఎత్తు ఎక్కడినుంచి వచ్చింది? అదే విమానం పంపిన అంకె అది! టేపు కిందనున్న చిల్లు చెప్పిన అబద్ధమే చుట్టుతిరిగి మళ్లీ వాళ్ల చెవిలో పడింది. రెక్క నీళ్లకు తగిలినప్పుడు కూడా మీటరు 9,700 దగ్గరే ఉంది. 70 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

మీటర్ల గోల ఎందుకు, విమానం ఒరిగితే ఒంటికి తెలియదా అంటారేమో. తెలియదు. తిరిగే కుర్చీలో కళ్లు మూసుకొని కూర్చుని నెమ్మదిగా తిప్పించుకోండి. కాసేపటికి తిరగడం లేదనిపిస్తుంది. ఆపగానే ఎదురు దిక్కుకు తిరుగుతున్నట్టు ఉంటుంది. లోపలి చెవిలో ఉండే ద్రవం చేసే మోసం అది. మబ్బులో పైలట్‌కూ అంతే.

అందుకే బొంగరాలు. జోరుగా తిరిగే బొంగరం తన ఇరుసు దిక్కును అంత సులభంగా మార్చుకోదు. నిమిషానికి వేల చుట్లు తిరిగే చక్రాన్ని వలయాల మధ్య అమరిస్తే, విమానం ఎటు ఒరిగినా అది నిటారుగానే ఉంటుంది. దానికి కట్టిన గీతే కృత్రిమ క్షితిజం. 1929 సెప్టెంబరు 24న అమెరికాలో జిమ్మీ డూలిటిల్ బయటి లోకం కనబడకుండా మూసిన గదిలో కూర్చుని, ఇలాంటి బొంగరాలనూ మెరుగైన ఎత్తుమాపకాన్నీ నమ్ముకొని లేచి, తిరిగి, క్షేమంగా దిగాడు.

ఆ బొంగరమూ ఒక్కొక్కప్పుడు మోసం చేస్తుంది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయినుంచి దుబాయికి లేచిన ఎయిరిండియా జంబోజెట్ 'ఎంపరర్ అశోక' కొద్దిగా కుడికి తిరిగి, సరిగా నిలిచింది. కెప్టెన్ ముందున్న పరికరం మాత్రం ఇంకా కుడికే ఒరిగివున్నట్టు చూపుతూ ఉండిపోయింది. ఆయన సరిచేయబోయి ఎడమకు తిప్పారు, ఇంకా తిప్పారు. బయట చూద్దామంటే చీకటి సముద్రం. లేచిన రెండు నిమిషాల లోపలే బాంద్రా తీరం దగ్గర విమానం నీళ్లలో పడి 213 మంది పోయారు. మిగిలిన పరికరాలతో సరిచూసుకొని ఉంటే తెలిసేదని విచారణలో తేలింది.

మా కుర్రవాడు ఇంకొక ముచ్చట చెప్పాడు. గాలిలో ఉండగా పక్క చిల్లు మూసుకుపోతే, అత్యవసరానికి లోపల వేరే కవాటం ఉంటుందట. అది కూడా లేని చిన్న విమానంలో ఎక్కే-దిగే మీటరు అద్దం పగలగొట్టమంటారట! అద్దం పగిలితే గదిలోని గాలి గొట్టాల్లోకి పోతుంది. అప్పుడు ఆ మీటరు సరిగా పనిచేయకపోయినా ఎత్తు, వేగం దాదాపు సరిగా తెలుస్తాయి.

ఇప్పుడు మీకొక లెక్క. విశాఖలో ఒక చిన్న విమానం పక్క చిల్లుకు టేపు అంటించి మరిచారు. పిటో గొట్టం శుభ్రంగా ఉంది. విమానం రన్‌వే వదిలి 3,000 అడుగులకు ఎక్కింది. ఎత్తుమాపకం ఏం చూపుతుంది? ఎక్కే-దిగే మీటరు ఏం చూపుతుంది? వేగమాపకం అసలు వేగంకన్న ఎక్కువ చూపుతుందా, తక్కువా? ఏ డబ్బీ లోపల ఏ పీడనం, చుట్టూ ఏ పీడనం ఉన్నాయో బొమ్మ గీసుకొని చూడండి.