కుట్టుపెట్టెలోని మాటలు

చినిగిన రవికను కుట్టబోవునపుడు మనము వెదకెడి వస్తువులు నాలుగైదే. వాని పేర్లు మాత్రము పలు తావుల నుండి వచ్చినవి. 'సూది' సంస్కృత సూచికిని, 'కత్తెర' కర్తరికిని వికృతులు. వ్రేలికి తొడిగెడి 'అంగుస్తానా' పారసీకము. గుండీ దూరెడి 'కాజా' పోర్చుగీసు మాట. ఆ భాషలో దానికి 'ఇల్లు' అని అర్థము.

1800లో ఇంగ్లీషువారి వశమగుటకు ముందు ఆదోని బిజాపూరు సుల్తానుల, మొగలాయీల, నిజాముల యేలుబడిలో నుండెను. అచ్చట పారసీకపు మాటలు దర్జీల నోట నిలుచుటలో వింత లేదు. గోనెసంచులు కుట్టెడి పెద్ద సూది మాత్రము మన 'దబ్బనము'. పొరుగు కన్నడిగులకు 'దబ్బణ'.

1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరులో మగ్గపు మాటలు ఇంటింటివి. మగ్గముపై దారపు కండె నాడెలో నుండి పడుగు నడుమ సాగును. తొలినాటి కుట్టుమిషనులో అడుగు దారపు బాబిను అట్లే షటిలులో నుండి పైదారపు ముడిలో దూరెడిది. అనగా నాడెయే షటిలు, కండెయే బాబిను. ఇది తెలిసిన నేతయింటి పిల్లకు మిషను పరాయిది కాదు.

వచ్చిన మాటలను వెళ్లగొట్ట నక్కరలేదు. ఉన్న మాటలను మరచుటయే నష్టము. పిల్లలకు సూది పట్టుట నేర్పునపుడు దబ్బనము, నాడె, కండె అను మాటలను గూడ అందింపుడు.