నాయనకు చెప్పుటా, మానుటా?

పటాన్‌చెరులో దేశదేశాలకు పోయే మందులు తయారగును. ఆ కర్మాగారాలలో పనిచేయువారి ఇంట తండ్రికి కాన్సరు ముదిరినదనీ, ఇక నయము కాదనీ వైద్యుడు తేల్చిననాడు, మొదట పుట్టే ప్రశ్న మందును గూర్చినది కాదు: “నాయనకు చెప్పుదమా, వద్దా?”

తరచు కొడుకులు మానుదురు. రిపోర్టు బీరువాలో దాగును. చుట్టములకు “అల్సరు” అని చెప్పుదురు. కాని సంగారెడ్డిలో బస్సెక్కి, హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆస్పత్రిలో దిగిన మనిషికి సంగతి తెలియదా? ఒకరికొకరు దాచుకొని, పొలము కాగితాలను గూర్చి గాని, చిన్నదాని పెండ్లిని గూర్చి గాని ఒక్క మాట ఆడలేక దినములు గడుపుదురు. ఆయన అడిగినంతవరకే చెప్పవచ్చును, అడిగినప్పుడు బొంకరాదు.

నొప్పి వేరే సంగతి. రోగము నయము కాకున్నను నొప్పిని చాలవరకు తగ్గింపవచ్చును. నల్లమందు నుండి తీసే మార్ఫిను బిళ్లలను వైద్యుడు చెప్పిన వేళకు, సాధారణముగా నాలుగు గంటలకొకసారి, నొప్పి తిరుగబెట్టకముందే ఇయ్యవలెను. నల్లమందును చట్టబద్ధముగ పండించి ఎగుమతి చేసే దేశము మనది! అయినను 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు లైసెన్సులకు జడిసి పెక్కు ఆస్పత్రులు మార్ఫినును దగ్గర నుంచుకొనలేదు. 2014 సవరణ ఆ ముడిని కొంత సడలించినది. మత్తుకు అలవాటగునని ఇంటివారు వెరతురు. వైద్యుని అదుపులో అది అరుదు. మలబద్ధకము మాత్రము తరచు కలుగును. దానికి మందు మొదటనే అడుగవలెను.

తల్లి మంచము పట్టిన ఇంట వంట బడిపిల్లదే. కాన్సరు అంటునేమోయని తోటిపిల్లలు ఎడముగా కూర్చుందురు. అంటదని చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడే. అదియు ఆమెను నిలబెట్టి కాదు, సైన్సు పాఠము నడుమ.