క్రూజ్ గది అప్‌గ్రేడ్‌కి డబ్బు కట్టాలా? ముందు ఈ లెక్క వేసుకోండి

క్రూజ్ బుక్ చేసుకున్నాక కొన్నాళ్ళకి ఒక మెయిల్ వస్తుంది. "మీ గది అప్‌గ్రేడ్ చేసుకోండి, ఎంత ఇస్తారో మీరే చెప్పండి" అని. పైన బాల్కనీలో కాఫీ తాగుతున్న జంట ఫొటో. కింద వేలితో జరిపే మీటరు. జరిపేకొద్దీ ఎరుపు కాస్తా ఆకుపచ్చ అవుతుంది. ఆ పచ్చ రంగు చూసి ఓకే నొక్కేసే ముందు ఒక్క పది నిమిషాలు ఆగండి. కట్టొద్దని చెప్పడానికి రాలేదు నేను. కొందరికి కట్టడమే కరెక్టు. ఆ కొందరిలో మీరున్నారా లేదా, అదే ఇవాళ్టి ఎపిసోడ్.

మాటల మధ్యలో మూడు రూట్లు వస్తుంటాయి, గుర్తు పెట్టుకోండి. ఒకటి, ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు వెళ్ళే కార్డీలియా. 2022 జూన్‌లో మన వైజాగ్‌కి వచ్చింది కూడా ఆ ఓడే. రెండు, సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ వెళ్ళే ఓడలు. మూడు, అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం, సియాటిల్ నుంచి అలాస్కా.

పేరు ఒకటే, గది ఒకటే కాదు

గదులు మొత్తం మీద నాలుగు రకాలు. లోపలి గది, అంటే ఇన్‌సైడ్. కిటికీ ఉండదు. లైటు తీసేస్తే పగలో రాత్రో తెలీదు. నిద్ర మాత్రం బ్రహ్మాండంగా పడుతుంది. రెండోది కిటికీ గది. వెలుతురు వస్తుంది, సముద్రం కనిపిస్తుంది, కానీ ఆ కిటికీ తెరుచుకోదు. మూడోది బాల్కనీ. నాలుగోది సూట్. స్థలం ఎక్కువ, కొన్ని సౌకర్యాలు అదనం, రోజువారీ టిప్పు కూడా చాలా కంపెనీల్లో ఎక్కువే.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. కిటికీ గది అని ఉంటుంది, పక్కనే చిన్న అక్షరాల్లో "అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ" అని ఉంటుంది. అంటే కిటికీకి ఎదురుగా లైఫ్‌బోటు వేలాడుతూ ఉండొచ్చు. బాల్కనీలోనూ ఇంతే. రాయల్ కరీబియన్ వాళ్ళ ఒయాసిస్ క్లాస్ ఓడల్లో కొన్ని బాల్కనీలు ఓడ లోపలి తోట వైపు తెరుచుకుంటాయి. బాల్కనీ ఉంది, సముద్రం లేదు. అపార్ట్‌మెంట్‌లో పార్కు ఫేసింగ్ ఫ్లాట్ లాగా అన్నమాట. కొందరికి అదే నచ్చుతుంది, తప్పేం లేదు. తెలిసి కొనుక్కోవాలి, అంతే.

తిరగేసి చూస్తే, లోపలి గది అంటే అన్నిచోట్లా చీకటి కొట్టూ కాదు. 2015లో వచ్చిన ఆంథెమ్ ఆఫ్ ది సీస్ ఓడలో లోపలి గది గోడకి నిలువెత్తు తెర ఉంటుంది. బయట కెమెరా చూస్తున్న సముద్రం అందులో లైవ్‌లో కనిపిస్తుంది. ఇక కార్డీలియా ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ. ఆ కాలం ఓడల్లో బాల్కనీలు తక్కువ. అలాంటి చోట బాల్కనీ రేటు బాగా పైన ఉంటే ఆశ్చర్యం లేదు. అందుకే రకం పేరు చూసి కాదు, మీ ఓడలో ఆ గది ఎలా ఉంటుందో చూసి నిర్ణయించుకోవాలి. యూట్యూబ్‌లో ఓడ పేరు, గది రకం కొట్టండి, వీడియోలు దొరుకుతాయి.

రకం కన్నా ముందు చోటు

ఆర్టీసీ బస్సులో వెనక సీట్లో కూర్చుని గతుకుల రోడ్డు మీద వెళ్ళినవాళ్ళకి ఈ పాయింట్ చెప్పక్కర్లేదు. అదే బస్సు, అదే గుంత. మధ్య సీట్లో వాడికి చిన్న కుదుపు, వెనక సీట్లో వాడి తల టాపుకి కొట్టుకుంటుంది. ఓడ కూడా ముందుకీ వెనక్కీ తూగుతుంది. చివర్లలో ఎక్కువ, మధ్యలో తక్కువ. పక్కలకి ఊగడం కూడా ఉంటుంది. అది కొబ్బరి చెట్టు లాంటిది. మొదలు దగ్గర తెలీదు, పైకి వెళ్ళేకొద్దీ తెలుస్తుంది. ఓడకి పక్కల రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అవి పక్కల ఊపుని తగ్గిస్తాయి కానీ, ముందూ వెనకల తూగుని పెద్దగా ఆపలేవు.

కాబట్టి కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళకి ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది మంచిది. విచిత్రం ఏంటంటే, సాధారణంగా రేటు తక్కువుండేది కూడా కింది అంతస్తులే. అంటే డబ్బు కట్టి పైకి వెళ్ళడం కొందరికి అప్‌గ్రేడ్ కాదు, ఎదురు డబ్బిచ్చి వాంతులు కొనుక్కోవడం.

తర్వాత చప్పుడు. పైన స్విమ్మింగ్ పూల్ డెక్ ఉంటే తెల్లవారుజామున కుర్చీలు లాగే శబ్దం. కింద థియేటరో డాన్స్ క్లబ్బో ఉంటే అర్ధరాత్రి దాకా డప్పులు. బాగా ముందు భాగంలో, కింది అంతస్తులో ఉంటే ఓడ రేవులోకి చేరేటప్పుడు లంగరు, థ్రస్టర్ల మోత. దీనికి మందు సింపుల్. కంపెనీ సైట్‌లో డెక్ ప్లాన్ ఉంటుంది. ఫోన్లో ఓపెన్ చేసి జూమ్ చేయండి. మీ గదికి పైనా గదులే, కిందా గదులే ఉంటే నిశ్చింత.

బిడ్ అంటే ఏం ఒప్పుకుంటున్నారు

ఇప్పుడు ఆ మెయిల్ సంగతి. రాయల్ కరీబియన్ దీన్ని రాయల్‌అప్ అంటుంది, సెలబ్రిటీ వాళ్ళు మూవ్‌అప్ అంటారు, నార్వీజియన్ వాళ్ళు అప్‌గ్రేడ్ అడ్వాంటేజ్ అంటారు. పేర్లు వేరు, పద్ధతి దాదాపు ఒకటే. ఖాళీగా మిగిలిన మంచి గదుల్ని పాట పెట్టి అమ్ముకోవడం. రాయల్‌అప్‌ని ఉదాహరణగా తీసుకుని చెప్తాను.

మొదటిది, అక్కడ కనిపించే అంకె ఒక మనిషికి. ఇద్దరికి లెక్కేసుకోవాలి. ఒక్కరే వెళ్తున్నా ఇద్దరి రేటే పడుతుంది. 9,000 అని చూసి సంబరపడితే బిల్లు 18,000 అవుతుంది. ఇది ఇప్పటికే కట్టిన టికెట్‌కి అదనం.

రెండోది, బిడ్ ఒప్పుకునేదాకా మీరు మార్చుకోవచ్చు, తీసేయొచ్చు. ఒప్పుకున్న మరుక్షణం కార్డు మీద పడిపోతుంది, వెనక్కి రాదు. బయలుదేరే ఒకట్రెండు రోజుల ముందు కూడా ఒప్పుకోవచ్చు. అప్పటిదాకా కార్డులో అంత లిమిట్ ఖాళీగా ఉంచాలి. ఇండియా కార్డయితే డాలర్ల బిల్లు మీద బ్యాంకు వేసే ఫారెక్స్ ఛార్జీ కూడా కలుపుకోండి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యం. గది రకం మాత్రమే మీరు చెప్తారు, గది నంబరు వాళ్ళు చెప్తారు. మీరు మధ్యలో, కింది అంతస్తులో ఏరుకోరి పట్టుకున్న గది పోయి, ఓడ మూతి దగ్గర పై అంతస్తులో బాల్కనీ రావచ్చు. నాకిది వద్దు, పాతదే ఇవ్వండి అంటే కుదరదు.

నాలుగోది, మీటరు పచ్చగా ఉన్నంత మాత్రాన గది వచ్చేస్తుందని కాదు. అంతకన్నా ముఖ్యంగా, మీటరుకి మీ బడ్జెట్ తెలీదు. అందుకని బిడ్ వేసేముందు అదే తేదీ ఓడకి కొత్తగా బుక్ చేస్తున్నట్టు సైట్‌లోకి వెళ్ళి, మీ గది రకానికీ పై రకానికీ ఇవాళ తేడా ఎంతుందో చూడండి. తేడా 15,000 ఉంటే 18,000 బిడ్ వేయడం వెర్రితనం. నేరుగా ఏజెంటుకి ఫోన్ చేసి, తేడా కట్టి మారడం కుదురుతుందా అని అడగండి. అలా మారితే నంబరు చూసి ఎంచుకునే వీలుంటుంది.

అసలు లెక్క

ఇప్పుడు ఫోన్లో క్యాలిక్యులేటర్ తీయండి. మీ ట్రిప్పులో మెలకువగా ఉండి, ఆ బాల్కనీలో నిజంగా కూర్చునే గంటలెన్ని? రాసుకోండి. నిద్రపోయే గంటలు లెక్కలోకి రావు. నిద్రకి బాల్కనీ ఒకటే, గోడ ఒకటే.

సింగపూర్ నుంచి 4 రాత్రుల ట్రిప్ అనుకుందాం. ఎక్కిన రోజు మధ్యాహ్నం ఓడంతా తిరిగి చూస్తారు. పెనాంగ్‌లో, ఫుకెట్‌లో ఊళ్ళోకి దిగుతారు. సాయంత్రం షో, తర్వాత భోజనం, తర్వాత పైన డెక్ మీద పాటలు. నిజాయితీగా వేసుకుంటే బాల్కనీకి మొత్తం ఆరు గంటలు మిగులుతాయేమో. తేడా 18,000 అనుకుంటే గంటకి 3,000. అదే సముద్రం పైన ఓపెన్ డెక్ మీద ఫ్రీగా కనిపిస్తుంది.

ఇప్పుడు అలాస్కా, 7 రాత్రులు. తేడా 60,000 అనుకుందాం. వినగానే గుండె గుభేల్‌మంటుంది. కానీ అక్కడ ఓడ కొండల మధ్య నుంచి గంటల తరబడి వెళ్తుంది. వేసవిలో రాత్రి చాలాసేపటి దాకా వెలుతురు. బయట చలి, దుప్పటి కప్పుకుని మీ గదిలోంచే మంచుకొండలు చూస్తూ కూర్చోవచ్చు. 30 గంటలు కూర్చున్నా గంటకి 2,000. బిల్లు మూడింతలకు పైనే, గంటకి పడేది మాత్రం తక్కువ. ఇంకో మాట, గ్లేసియర్ బేలో మంచు గోడ ఎదురుగా ఓడని నిదానంగా తిప్పుతారు, రెండు వైపుల గదులకీ కనిపిస్తుంది. కాబట్టి అక్కడ ఎడమవైపా కుడివైపా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

ఇవి నేను ఉదాహరణకి వేసిన అంకెలు. మీ తేడా, మీ గంటలు మీరు వేసుకోండి. వచ్చిన అంకె చూసి "పర్లేదు, ఇది నాకు వర్తే" అనిపిస్తే హాయిగా కట్టేయండి. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే

ఒక వ్యూయర్ మెసేజ్ పెట్టారు. హైదరాబాద్‌లో జాబ్, అమ్మానాన్న వరంగల్‌లో ఉంటారు. వాళ్ళ ఫస్ట్ విదేశీ ప్రయాణం, సింగపూర్ నుంచి క్రూజ్. వాళ్ళకొక గది, తనకొక గది, పక్కపక్కనే, ఓడ మధ్యలో, కిటికీతో. అమ్మగారికి శ్రీశైలం ఘాట్ రోడ్డులోనే వాంతులవుతాయట. ఇప్పుడు బాల్కనీ ఆఫర్ వచ్చింది. నాన్నగారేమో "ఎందుకు బిడ్డా గన్ని పైసలు, మేము గదిలనే కూసుంటమా" అంటున్నారు. ఈవిడేమో "జీవితంలో ఒక్కసారి తీసుకెళ్తున్నా, తక్కువ చేశానన్న బాధ మిగలకూడదు" అని రాశారు.

చూడండి, మీ బాధ నాకర్థమైంది. కానీ మీరు ఇప్పటికే చేసిన పని చిన్నది కాదు. రెండు గదులంటే సాధారణంగా రెండు బుకింగులు, రెండు బిడ్లు. ఒకటి ఒప్పుకుని ఇంకోటి ఒప్పుకోకపోవచ్చు. రెండూ ఒప్పుకున్నా గదులు ఒకచోట వస్తాయన్న గ్యారంటీ లేదు. మలక్కా జలసంధికి ఒకవైపు సుమత్రా, ఇంకోవైపు మలేషియా అడ్డుంటాయి కాబట్టి ఆ దారి మామూలుగా ప్రశాంతమే. అయినా కొత్త చోటు, మొదటి రాత్రి, అమ్మకి తల తిరిగితే తలుపు తట్టడానికి పక్క గదిలో మీరుండాలి. ఆ కిటికీ కూడా ఊరికే పోదు. దూరంగా సముద్రం అంచు కనిపిస్తుంటే చాలామందికి తిప్పడం తగ్గుతుంది. వెళ్ళేముందు డాక్టర్ని అడిగి మాత్రలు కూడా దగ్గర పెట్టుకోండి. నా సలహా అయితే బిడ్ వద్దు.

నాన్నగారి "ఎందుకు" గురించి ఒక్క మాట. పెద్దవాళ్ళు వద్దన్నారంటే రెండు అర్థాలు. నిజంగా అక్కర్లేక కావచ్చు, మీ జేబు చూసి కావచ్చు. అందుకే రేటు చెప్పకుండా వేరేలా అడగండి. "పొద్దున్నే లేచాక టీ ఎక్కడ తాగాలనుంది నాన్నా, గదిలోనా, నలుగురిలోనా?" అని. నలుగురిలో అంటే ఓపెన్ డెక్ ఉంది, సూర్యోదయానికి మీరూ వెళ్ళి పక్కన కూర్చోండి. ఇద్దరూ గదిలోనే అంటే ఏజెంటుకి ఫోన్ చేసి, ఓడ మధ్యలో పక్కపక్కన రెండు బాల్కనీ గదులు నంబర్లతో సహా ఉన్నాయా అడగండి. ఉంటే, తేడా ఈఎంఐ లేకుండా కట్టగలిగితే, అప్పుడు కట్టండి. లేకపోతే ఉన్న గదులు వదలొద్దు.

సరే, స్క్రీన్‌షాట్ తీసుకోండి. గదిలో మెలకువగా ఎన్ని గంటలుంటాను? ఇద్దరికీ కలిపి, ఛార్జీలతో సహా మొత్తం ఎంత? ఇప్పుడున్న గది చోటు పోయినా పర్లేదా? అదే డబ్బుతో ఈ ట్రిప్పులో ఇంకేం చేయగలను? ఈ నాలుగింటికీ జవాబు రాసుకున్నాక మెయిల్ తెరవండి. అప్పుడు మీటరు ఏ రంగులో ఉన్నా మీకు పనిలేదు, మీ అంకె మీ దగ్గరుంటుంది. ఆ అంకె వేయండి, వస్తే వచ్చింది, రాకపోతే ఓడ ఎలాగూ అదే ఓడ. ఉంటాను ఫ్రెండ్స్, మళ్ళీ కలుద్దాం.