గార కాదది.. ఎదగని పింగాణీ
ఎనిమిదేళ్ళలోపే జరిగిపోయే నష్టం * పిల్లలకూ, దూడలకూ ఒకే నీటి శాపం

ఉదయగిరి, ఆత్మకూరు: మెట్ట పల్లెల్లో పదేళ్ళ పిల్లవాడు నవ్వితే ముందుపళ్ళపై సుద్దలాంటి తెల్లమచ్చలో, పసుపు, గోధుమ రంగు చారలో కనిపించడం కొత్తేమీ కాదు. ‘గార పట్టింది, సరిగా తోముకోడు’ అని పెద్దలు కసురుకుంటారు. వేపపుల్లతో, ఉప్పుతో, బొగ్గుపొడితో గట్టిగా రుద్దిస్తారు. అయినా మరక పోదు. అది పంటిపై పేరుకున్న మురికి కాదు. పన్ను చిగురు లోపల తయారయ్యే దశలోనే దాని పైపొర సరిగా ఎదగకపోవడం వల్ల ఏర్పడిన లోపం. ఇందులో పిల్లవాడి తప్పు ఏమీ లేదు. తప్పంతా తాగిన నీటిది.

ఎదుగుదల ఆగితే..
శరీరంలో ఏ అవయవమైనా, కణజాలమైనా రూపుదిద్దుకునే కాలంలో పూర్తిగా ఎదగకపోతే దానిని వైద్యశాస్త్రంలో ‘హైపోప్లాసియా’ అంటారు. పంటిపై మెరిసే పింగాణీ పొరకు, అంటే ఎనామిల్‌కు, ఈ ముప్పు ఎక్కువ. ఎనామిల్ పొర పలుచబడితే, గుంటలు పడి ఏర్పడితే అది హైపోప్లాసియా. మందం సరిపడా ఉన్నా లోపల ఖనిజం తగ్గి పొర గుల్లబారితే దానిని ఖనిజలోపం అంటారు. ఫ్లోరైడ్ నీటివల్ల ప్రధానంగా కలిగేది ఈ రెండో లోపమే. పన్ను బయటికి వచ్చాక గుల్లబారిన పొర నమిలే ఒత్తిడికి పెచ్చులూడుతుంది. ఆ గుంటల్లో రంగు దిగుతుంది. చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఎనామిల్ మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అందులో దాదాపు 96 శాతం ఖనిజమే. దానిని నిర్మించే కణాలు ముందుగా మెత్తని మాంసకృత్తుల పొరను పరుస్తాయి. ఆపై ఆ మాంసకృత్తులను క్రమంగా తొలగిస్తూ వాటి స్థానంలో కాల్షియం, ఫాస్ఫరస్ నిండేలా చేస్తాయి. రక్తంలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఈ తొలగింపు మందగిస్తుంది. పొరలో సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికి ఆ కణాలు నశిస్తాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. ఎనామిల్ మాత్రం మళ్ళీ పుట్టదు.

నెల్లూరు నుంచే లోకానికి తెలిసింది
ఈ వ్యాధికీ మన జిల్లాకూ ఉన్న సంబంధం పాతది. భారతదేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా గుర్తించింది నెల్లూరు జిల్లాలోనే. షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు వైద్యులు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ వ్యాధిపై 1937లో ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’లో వ్యాసం ప్రచురించారు. అంతకుముందే దుక్కిటెద్దులు కీళ్ళు బిగుసుకుని నడవలేకపోవడాన్ని ఇక్కడి రైతులు గమనించినట్లు ఈ వ్యాధి చరిత్ర చెబుతోంది. అంటే డాక్టర్ల కంటే ముందు రైతే, మనిషి కంటే ముందు ఎద్దే ఈ కీడును పసిగట్టారు.

అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో ప్రాక్టీసు మొదలుపెట్టిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే అక్కడివారి పళ్ళపై గోధుమ మరకలు చూసి కారణం వెదికారు. నీటిలోని ఫ్లోరైడే కారణమని తేలడానికి 1931 వరకు పట్టింది. మన దేశంలో 2008-09లో కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు తొలి విడత జిల్లాల్లో నెల్లూరు ఒకటి.

రాయి నుంచి నీటిలోకి..
పడమట వెలిగొండలు, వాటి దిగువన గ్రానైట్, అభ్రకం కలిసిన శిలలు, అరకొర వానలు.. ఇదీ ఉదయగిరి, వరికుంటపాడు, మర్రిపాడు ప్రాంతాల నైజం. ఇలాంటి రాళ్ళలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీరు రాయి పగుళ్ళలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువగా కరిగి నీటిలో చేరుతుంది. అందుకే చెరువు నీటిలో, వాన నీటిలో తక్కువగా ఉండే ఫ్లోరైడ్ లోతు బోర్లలో ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. సోమశిల జలాశయం అనంతసాగరం మండలంలోనే ఉన్నా, కాలువ నీరు గానీ రక్షిత పథకం నీరు గానీ చేరని చోట బోరే దిక్కు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. ఈ నీటికి రంగు, వాసన, రుచి తేడా ఉండవు. పరీక్షిస్తే తప్ప తెలియదు.

దూడలదీ అదే బాధ
పశువును కొనేటప్పుడు రైతు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళా, నాలుగా, ఆరా, కడపళ్ళు వేసిందా అని లెక్కగట్టి వయసు చెబుతాడు. ఈ శాశ్వత పళ్ళు దవడ లోపల తయారయ్యేది దూడకు ఆరు నెలలు మొదలు మూడేళ్ళ వయసు వరకు. ఆ కాలంలో ఫ్లోరైడ్ నీరు తాగిన దూడకు పళ్ళపై చారలు వస్తాయి. పళ్ళు ఎగుడుదిగుడుగా, త్వరగా అరిగిపోతాయి. మేత సరిగా నమలలేక పశువు చిక్కుతుంది. చల్లని నీరు పంటికి జివ్వుమని, గుటకలు వేయడానికి బదులు నాలుకతో కొద్దికొద్దిగా తాగుతుంది. వయసుకు మించి అరిగిన పళ్ళను చూసి సంతలో ధర తగ్గిస్తారు. నెల్లూరు జాతి గొర్రెలను మేపుకునేవారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఎనామిల్‌ను దెబ్బతీసేది ఫ్లోరైడ్ ఒక్కటే కాదు. నెలలు నిండకముందే పుట్టడం, పసితనంలో తీవ్రమైన జ్వరాలు, పోషకాహార లోపం, విటమిన్-డి లోపం కూడా కారణాలే. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు నుంచి బతికి బయటపడిన కుక్కపిల్లలకూ పళ్ళపై ఇలాంటి గుంటలే మిగులుతాయి. గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్ళున్నాయి. ఫ్లోరైడ్ మచ్చలు కుడి, ఎడమ పళ్ళపై జంటగా వస్తాయి, ఒకే బోరు నీరు తాగే పిల్లలందరిలో కనిపిస్తాయి. జ్వరం వల్ల వచ్చినవి ఆ సమయంలో తయారవుతున్న పళ్ళపైనే అడ్డగీతలా ఉంటాయి. పొగాకు, వక్క మరకలు, అసలైన గార దంతవైద్యుడు శుభ్రం చేస్తే పోతాయి.

కాపాడుకోవలసిన కాలం చిన్నదే
పై ముందుపళ్ళకు పునాది పడేది బిడ్డకు మూడు, నాలుగు నెలల వయసులోనే. వాటికి అత్యంత కీలకమైన కాలం సుమారు 15 నుంచి 30 నెలల మధ్య. మిగిలిన పళ్ళు చాలావరకు ఎనిమిదేళ్ళ లోపు తయారవుతాయి. జ్ఞానదంతాల మాట వేరు. కాబట్టి ఊరిలో మంచినీరు కొంచెమే దొరికినా, మొదటి వాటా ఎనిమిదేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళకూ, అంగన్‌వాడీలకూ, ప్రాథమిక పాఠశాలల మధ్యాహ్న భోజనానికీ దక్కాలి.

తల్లి ఫ్లోరైడ్ నీరు తాగినా ఆమె పాలలోకి చేరేది అతి స్వల్పం. ఆరు నెలల వరకు తల్లిపాలే ఇవ్వడం బిడ్డ పళ్ళకూ రక్ష. డబ్బాపాలను బోరు నీటితో కలిపితే ఆ రక్ష పోతుంది.

చాలా ఇళ్ళలో తాగడానికి 20 లీటర్ల క్యాను కొంటున్నారు గానీ అన్నం, పప్పు మాత్రం బోరు నీటితోనే ఉడుకుతున్నాయి. అన్నం ఆ నీటిని పీల్చుకుంటుంది. ఫ్లోరైడ్ కడుపులోకే చేరుతుంది. మరిగిస్తే పోతుందనుకోవడం అపోహ. నీరు ఆవిరై మిగిలినదానిలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరూ దానిని ఆపలేదు. ఆర్‌ఓ యంత్రం, యాక్టివేటెడ్ అల్యూమినా వడపోత, పటిక-సున్నంతో శుద్ధిచేసే ‘నల్గొండ పద్ధతి’ పనిచేస్తాయి. నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. అయితే ఏ యంత్రమైనా నిర్వహణ బాగుంటేనే ఫలితం. అందుకే శుద్ధిచేసిన నీటినీ పరీక్షించాలి. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్ల సురక్షిత జలం అందాలన్నది జల్ జీవన్ మిషన్ లెక్క. స్నానానికి, బట్టలకు బోరు నీరు వాడుకోవచ్చు.

పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి వంటివి పిల్లల ఆహారంలో ఉండాలి. కాల్షియం లోపం తోడైతే పళ్ళతో ఆగక ఎముకలూ వంకర తిరుగుతాయి. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కనుక చిన్నపిల్లలకు టీ అలవాటు చేయరాదు. ఫ్లోరైడ్ టూత్‌పేస్టును మింగనివ్వరాదు.

ఇప్పటికే మచ్చలు పడిన పిల్లలకు దంతవైద్యులు పైపొరను పలుచగా అరగదీసి గానీ, పంటి రంగు పూతతో, తొడుగుతో కప్పి గానీ రూపం సరిచేయగలరు. పోయిన పొరను పుట్టించలేరు. కనుక ప్రతి పంచాయతీలో తాగునీటి బోర్లను వేసవిలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత మరోసారి పరీక్షించి, ఫలితాన్ని బోరు దిమ్మెపైనే రాయించడం అవసరం. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలు ఉన్నది ఇందుకే. ఏ బోరు తాగడానికి, ఏ బోరు వాడకానికి అన్నది ఊరిలో ప్రతి తల్లికీ తెలిస్తే, రాబోయే తరం నోటికి చేయి అడ్డం పెట్టుకోకుండా నవ్వగలుగుతుంది.