డబ్బా మార్చేముందు చిప్పు చూడండి!

తాడేపల్లిగూడెంలో పెళ్లి చూసుకుని ఏలూరు వస్తుంటే గుండుగొలను దగ్గర మా కారు ఆగిపోయింది. తాళం తిప్పితే ఇంజను బొమ్మ దీపం కూడా వెలగలేదు. బండి లాగించుకుపోయిన చోట "ఇంజను కంట్రోల్ డబ్బా పోయిందమ్మా, కొత్తది వేయాల్సిందే" అన్నారు. ధర విని మావారు నోరెళ్లబెట్టారు.

మనసొప్పక, ఇలాంటి డబ్బాలు విప్పి బాగుచేసే కుర్రాడికి చూపించాం. అతను ముందు ఫ్యూజులు, ఎర్తు వైర్లు పరీక్షించాడు. తర్వాత డబ్బా విప్పి, "కరెంటు సరఫరా చిప్పొక్కటే పోయిందండీ" అన్నాడు.

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. డబ్బాలోని బుల్లి కంప్యూటరుకి, చాలా సెన్సర్లకి 5 వోల్టులో, ఇంకా తక్కువో చాలు. ఆ తగ్గించే పని ఈ చిప్పుదే.

మరి ఎందుకు పోయింది? వరిచేల పక్కన మా ఇల్లు. ఎలుక కొరికిన సెన్సరు వైరు పక్కనున్న 12 వోల్టుల వైరుకి తగిలిందట! అది సరిచేయకపోతే కొత్త చిప్పూ మాడిపోతుంది. వైరు బాగుచేశాకే, వేడిగాలితో పాత చిప్పు ఊడదీసి అదే నంబరుది టంకం పెట్టాడు. డబ్బా పాతదే కనుక తాళంచెవిని మళ్లీ దానికి పరిచయం చేసే పనీ తప్పింది.

నీళ్లు దిగి బోర్డంతా తుప్పు పట్టినా, అసలు కంప్యూటరు చిప్పే కాలినా డబ్బా మార్చక తప్పకపోవచ్చు. కానీ "ఏం పరీక్షించారు? 5 వోల్టులు వస్తున్నాయా?" అని అడగండి. కార్ల సంగతి మనకెందుకని ఊరుకోకండి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?