పోలీసుల ముందు ఒప్పుకోలు: థర్డ్ డిగ్రీతో దేశానికి భద్రత పెరుగుతుందా?

2006 జులై 11 సాయంత్రం ముంబయి లోకల్ రైళ్లలో నిమిషాల వ్యవధిలో ఏడు బాంబులు పేలాయి. 180 మందికి పైగా చనిపోయారు. 800 మందికి పైగా గాయపడ్డారు. తొమ్మిదేళ్ల తర్వాత ప్రత్యేక కోర్టు 12 మందిని దోషులుగా తేల్చి, ఐదుగురికి మరణశిక్ష, ఏడుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. మరో పదేళ్లు గడిచాక, 2025 జులై 21న బాంబే హైకోర్టు ఆ 12 మందీ నిర్దోషులేనని ప్రకటించింది. అప్పటికే వారిలో ఒకరు జైలు జీవితంలోనే కన్నుమూశారు.

కేసు వీగిపోవడానికి ఒక ముఖ్య కారణం నిందితుల ఒప్పుకోలు వాంగ్మూలాలు. వేర్వేరు వ్యక్తులు ఇచ్చినట్లు చెప్పిన వాంగ్మూలాల్లో కొన్ని భాగాలు అచ్చుగుద్దినట్లు ఒకేలా ఉన్నాయని హైకోర్టు గుర్తించింది. వైద్య రికార్డులను కూడా పరిశీలించి, చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణల్లో బలం ఉందని నిర్ధారించింది. కేసు ఛేదించినట్లు కనిపించడం సమాజానికి తప్పుడు భరోసా ఇస్తుందని, అసలు ముప్పు మాత్రం బయటే తిరుగుతుంటుందని వ్యాఖ్యానించింది.

ఈ తీర్పుపై మహారాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. విడుదలైన వారిని తిరిగి జైలుకు పంపాల్సిన అవసరం లేదని, అయితే ఈ తీర్పును ఇతర కేసుల్లో ప్రమాణంగా తీసుకోరాదని జులై 24న సుప్రీంకోర్టు చెప్పింది.

జాతీయ భద్రతా, పౌర హక్కులా అనే చర్చలో సాధారణంగా ఈ రెండింటినీ త్రాసులో చెరోవైపు పెట్టి చూస్తారు. హక్కులు కాస్త తగ్గితే భద్రత కాస్త పెరుగుతుందన్నది ఆ లెక్క. ఉగ్రవాద కేసుల్లో కోర్టుల అనుభవం ఆ లెక్కకు పొసగడం లేదు.

సాధారణ చట్టం ఏం చెబుతోంది?

పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలోనే ఉంది. తమ పోలీసుల పద్ధతులపై బ్రిటిష్ పాలకులకే నమ్మకం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా 23వ సెక్షన్‌లో ఇదే నియమాన్ని కొనసాగించింది. నిందితుడు చెప్పిన సమాచారంతో ఆయుధమో మరో వస్తువో దొరికితే, దానికి సంబంధించినంత వరకు ఆ మాటలను కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చు.

నేరం ఒప్పుకోదలచినవారు మేజిస్ట్రేట్ ముందు చెప్పవచ్చు. ఒప్పుకోవాల్సిన బలవంతమేమీ లేదని మేజిస్ట్రేట్ ముందుగా హెచ్చరించాలి. వాంగ్మూలం ఇవ్వడం ఇష్టం లేదని నిందితుడు చెబితే, ఆ వ్యక్తిని తిరిగి పోలీసు కస్టడీకి పంపడానికి అనుమతించకూడదు.

ప్రత్యేక చట్టాలు ఏం మార్చాయి?

ఉగ్రవాద కేసుల్లో సాక్షులు భయంతో ముందుకు రారని, కుట్రలు రహస్యంగా సాగుతాయని ప్రభుత్వాలు వాదించాయి. ఆ వాదనలో నిజం లేకపోలేదు. ఆ కారణంతోనే 1987 నాటి టాడా చట్టం ఎస్పీ, ఆపై స్థాయి అధికారి నమోదు చేసిన ఒప్పుకోలును సాక్ష్యంగా అనుమతించింది. 1994లో కర్తార్ సింగ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నిబంధనను 3-2 మెజారిటీతో సమర్థించింది. విభేదించిన ఇద్దరిలో తెలుగువారైన జస్టిస్ కె.రామస్వామి ఒకరు.

టాడా 1995లో ముగిసిపోయింది. 2002లో వచ్చిన పోటాలోనూ ఇలాంటి నిబంధన ఉండేది. ఆ చట్టాన్ని 2004లో రద్దు చేశారు. ముంబయి కేసులో వాడిన మహారాష్ట్ర చట్టం మకోకాలో ఇది ఇప్పటికీ ఉంది. శ్రీలంకలో 1979 నుంచి ఉన్న ఉగ్రవాద నిరోధక చట్టం కూడా పోలీసు ఉన్నతాధికారి ముందు చేసిన ఒప్పుకోలును అంగీకరిస్తుంది.

కేంద్ర చట్టం ఉపాలో ఈ నిబంధన లేదు. అయితే దాని కింద పోలీసు కస్టడీ 30 రోజుల వరకు ఉండొచ్చు. చార్జిషీటు గడువును 180 రోజుల వరకు పొడిగించవచ్చు. బెయిల్ దొరకడం కూడా కష్టం.

అక్షర్‌ధామ్ నుంచి మక్కా మసీదు వరకు

2002 సెప్టెంబరు 24న గాంధీనగర్‌లోని అక్షర్‌ధామ్ ఆలయంపై ఇద్దరు సాయుధులు దాడి చేసి 30 మందికి పైగా ప్రాణాలు తీశారు. భద్రతా దళాలు ఆ ఇద్దరినీ చంపేశాయి. దాదాపు ఏడాది తర్వాత కుట్రదారులంటూ పలువురిని అరెస్టు చేశారు. పోటా కోర్టు ఆరుగురికి శిక్ష వేసింది, అందులో ముగ్గురికి మరణశిక్ష. హైకోర్టు దాన్ని ఖరారు చేసింది.

2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా తేల్చింది. ఒప్పుకోలు వాంగ్మూలాలు స్వచ్ఛందంగా ఇచ్చినవి కావని చెప్పింది. అసలు దోషులను పట్టుకోవాల్సింది పోయి అమాయకులను ఇరికించారని దర్యాప్తు సంస్థలను తప్పుబట్టింది.

హైదరాబాద్‌లో 2007 మే 18న మక్కా మసీదులో జరిగిన పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. పాతబస్తీకి చెందిన అనేక మంది యువకులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. వారిని చిత్రహింసలకు గురిచేశారని రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది నివేదిక ఇచ్చారు. కుట్ర కేసులు పెట్టిన వారు ఆ తర్వాత నిర్దోషులుగా బయటపడ్డారు. సీబీఐ, ఎన్ఐఏల దర్యాప్తు మరో బృందం వైపు మళ్లింది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు ఆ ఐదుగురిని కూడా నిర్దోషులుగా ప్రకటించింది.

బాంబు ఎక్కడుందో తెలిస్తే?

చిత్రహింసలను సమర్థించేవారు తరచూ ఒక ప్రశ్న వేస్తారు. గంటలో బాంబు పేలబోతోంది, అది ఎక్కడుందో తెలిసినవాడు చేతికి చిక్కాడు, అప్పుడూ నియమాలు పాటిస్తారా అని. అయితే పై మూడు కేసుల్లో ఏదీ అలాంటిది కాదు. పేలుడు, దాడి జరిగిపోయాకే అరెస్టులు జరిగాయి. ఆ ఒప్పుకోళ్లు ముప్పు ఆపడానికి కాదు, కేసు నిలబెట్టడానికి వాడినవి.

నొప్పి భరించలేని మనిషి నిజమే చెబుతాడన్న హామీ లేదు. ఎదుటివాడు ఏం వినాలనుకుంటే అదే చెబుతాడు. ఒక ఒప్పుకోలు చేతికొచ్చాక దర్యాప్తు దానికి తగ్గ ఆధారాల వెంటే నడుస్తుంది. మిగతా దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి. పదేళ్ల తర్వాత కోర్టు ఆ ఒప్పుకోలును పక్కనపెడితే, అప్పుడు మళ్లీ మొదలుపెట్టడానికి సాక్షులూ ఉండరు, ఆధారాలూ ఉండవు.

చట్టం ఎందుకు రాలేదు?

చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి 1984లో ఆమోదించిన ఒప్పందంపై భారత్ 1997లో సంతకం చేసింది. ఇప్పటికీ ధ్రువీకరించలేదు. యుద్ధమైనా, అత్యవసర పరిస్థితైనా చిత్రహింసలకు సాకు కాదని ఆ ఒప్పందం చెబుతుంది. చిత్రహింసల నిరోధక బిల్లుకు 2010లో లోక్‌సభ ఆమోదం తెలిపినా రాజ్యసభలో ఆగిపోయి, చివరికి మురిగిపోయింది. ఒప్పందాన్ని ధ్రువీకరించాలని 2017లో లా కమిషన్ సిఫార్సు చేసి, బిల్లు ముసాయిదా కూడా ఇచ్చింది.

ఈ జాప్యం భద్రతకూ నష్టమే. 1995లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో ప్రధాన నిందితుడిని అప్పగించాలని భారత్ డెన్మార్క్‌ను కోరుతూనే ఉంది. ఇక్కడ చిత్రహింసలు ఎదురుకావచ్చన్న కారణంతో 2011లో, మళ్లీ 2024లో అక్కడి కోర్టులు నిరాకరించాయి.

దారులు తెలియనివేమీ కావు. అరెస్టు సమయంలో పాటించాల్సిన 11 సూచనలను డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే ఇచ్చింది. ఇష్టం లేకుండా నార్కో పరీక్షలు చేయకూడదని 2010లో చెప్పింది. పోలీస్ స్టేషన్లతో పాటు ఎన్ఐఏ వంటి దర్యాప్తు సంస్థల కార్యాలయాల్లోనూ సీసీ కెమెరాలు పెట్టాలని 2020లో ఆదేశించింది.

ఇవి నిందితుల కోసం మాత్రమే ఇచ్చిన ఆదేశాలు కావు. మక్కా మసీదులో పేలుడుకు బలైన తొమ్మిది మంది కుటుంబాలకు, బాంబు ఎవరు పెట్టారో ఇప్పటికీ ఏ కోర్టూ చెప్పలేదు.