నాలుగు సర్వర్లున్నా చిట్టా ఒక్కటే ఉండాలి

‘సర్వర్ పనిచేయడం లేదు. రేపు రండి.’ ఈ మాట వినని గ్రామస్థులు ఈ రోజుల్లో అరుదు. భూమి కాగితానికి వెళ్లినా, ఆస్పత్రిలో పాత ఎక్స్‌రే కోసం వెళ్లినా ఏదో ఒకనాడు చెవిన పడే మాటే. కరెంటు పోవడం, లైను తెగడం, మనిషి సెలవులో ఉండడం వంటి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో ఒకటి మాత్రం ముందు జాగ్రత్తతో తప్పించుకోదగినది. అది దస్త్రాలన్నీ ఒకే కంప్యూటర్ ద్వారా అందుతూ ఉండడం. ఆ ఒక్కటి మూలపడితే ఆఫీసంతా మూలపడుతుంది.

ఒకటి బదులు నాలుగు పెట్టుకుంటే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. పెట్టుకోవచ్చు. కాని సరిగా అమర్చకపోతే ఒకటి ఉన్నప్పటికంటే నాలుగు ఉన్నప్పుడే నష్టం ఎక్కువ. ఒక్క సర్వర్ ఆగితే పని ఆగుతుంది, మర్నాడు సాగుతుంది. నాలుగు సర్వర్లు ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా రాస్తే కాగితమే చెడుతుంది. చెడిన సంగతి ఆ రోజు ఎవరికీ తెలియదు. ఆర్నెల్ల తర్వాత ఎవరో ఒక రైతు వచ్చి తన పద్దు అడిగినప్పుడు బయట పడుతుంది.

మన పల్లెల నుంచి అమీర్‌పేట వెళ్లి లినక్స్ కోర్సు చదివి, పట్నాల్లో ఈ యంత్రాల దగ్గర రాత్రి డ్యూటీలు చేస్తున్న పిల్లలు చాలామంది ఉన్నారు. వారు చేసే పనిలో ఇది ఒక చిక్కు ముడి. ఇంటి దగ్గరి పెద్దలకు కూడా అర్థమయ్యే సంగతే.

సాంబా ఎక్కడిది?

విండోస్ కంప్యూటర్లు ఎస్ఎంబీ అనే పద్ధతిలో ఫైళ్లు అడుగుతాయి. ఆ పద్ధతిలో లినక్స్, యూనిక్స్ యంత్రాల చేత జవాబు చెప్పించే ప్రోగ్రాం పేరు సాంబా. మన సాంబయ్యకు, సాంబారుకు దీనితో సంబంధం లేదు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని నేషనల్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1991 చివరలో దీన్ని మొదలు పెట్టాడు. తన చిన్న కంప్యూటర్ నుంచి యూనిక్స్ యంత్రంలోని ఫైళ్లు చూసుకోవడం అప్పటి అవసరం. మొదట పెట్టుకున్న పేరు ఇంకొకరి హక్కు అని తేలడంతో, ఎస్, ఎం, బీ అక్షరాలు ఆ వరసలో వచ్చే మాట కోసం నిఘంటువు వెతికించాడు. సాంబా దొరికింది. ఎవరైనా రూపాయి ఇవ్వకుండా వాడుకోవచ్చు.

ఒక ఆస్పత్రి ఉందనుకుందాం. పేరు అక్కరలేదు, ఉదాహరణకే. ఒక పెద్ద బీరువాలో రోగుల కాగితాలన్నీ ఉన్నాయి. బయట నాలుగు కిటికీలు, కిటికీకొక గుమస్తా. డాక్టర్లు ఏ కిటికీకి వెళ్లినా అదే బీరువాలోని కాగితం అందాలి. బీరువా అంటే డిస్కులు. గుమస్తాలు అంటే సాంబా నడుపుతున్న నాలుగు సర్వర్లు.

ఇందులో మొదటి మెలిక బీరువా దగ్గరే ఉంది. మామూలుగా లినక్స్ యంత్రం డిస్కును ఈఎక్స్‌టీ4 వంటి పద్ధతిలో వాడుతుంది. ఆ డిస్కు తనదొక్కతిదే అనే నమ్మకం మీద ఆ పద్ధతి నడుస్తుంది. చదివినదాన్ని కొంత తన మెమరీలోనే ఉంచుకుంటుంది, ఏ గడి ఖాళీగా ఉందో తనకే తెలుసనుకుంటుంది. అటువంటి డిస్కును రెండు యంత్రాలకు ఒకేసారి తగిలిస్తే, ఒకటి రాసిన చోటే రెండోది రాస్తుంది. గంటల్లోనే అంతా పాడవుతుంది. అందుకే అనేక యంత్రాలు కలిసి వాడుకునే డిస్కుకు క్లస్టర్ ఫైల్ సిస్టమ్ అనే వేరే ఏర్పాటు కావాలి. జీఎఫ్ఎస్2, ఓసీఎఫ్ఎస్2 అనేవి అటువంటివి. రెండూ 2006లో లినక్స్‌లో చేరాయి. ఐబీఎం వారి జీపీఎఫ్ఎస్ అంతకంటే పాతది. ఒక యంత్రం ఏదైనా గడిలో రాయబోయే ముందు మిగతావాటిని అడిగి తాళం తీసుకోవడం వీటి పద్ధతి.

బీరువా కుదిరింది కాబట్టి నాలుగింటి మీదా సాంబా ఎక్కించి పని అయిపోయిందనుకునేవారు ఉన్నారు. దెబ్బ తగిలేది అక్కడే.

గుమస్తాల చిట్టా

సాంబా ఫైలు తీసి ఇవ్వడంతో ఊరుకోదు. ఏ ఫైలు ఎవరి చేతిలో ఉంది, చదవడానికా రాయడానికా, ఇంకొకరికి ఇవ్వవచ్చా కూడదా అనే చిట్టా ఒకటి రాసుకుంటుంది. విండోస్ ప్రోగ్రాములు ఈ చిట్టాను నమ్ముకునే నడుస్తాయి. పైగా ‘ఈ ఫైలు నీ ఒక్కడి దగ్గరే ఉంది, నీ దగ్గరే రాసుకో, తర్వాత తెచ్చి ఇద్దువుగాని’ అని ఒక కంప్యూటర్‌కు అనుమతి కూడా ఇస్తుంది. మరొకరు అదే ఫైలు అడిగితే ముందు వారిని పిలిచి ‘రాసింది తెచ్చి ఇవ్వు’ అని చెప్పాలి.

నలుగురు గుమస్తాలూ ఎవరి చిట్టా వారు రాసుకుంటే ఏమవుతుంది? మొదటి కిటికీలో ఒక డాక్టర్ రోగి చీటీ తీసుకుని మందు మారుస్తున్నాడు. మూడో కిటికీలో ఇంకొక డాక్టర్ అదే చీటీ అడిగాడు. మూడో గుమస్తా చిట్టాలో ఆ చీటీ ఎవరికీ ఇచ్చినట్టు లేదు. ఇచ్చేశాడు. ఇద్దరూ రాశారు. చివర దాచినవారి రాతే మిగిలింది. మొదటి డాక్టర్ మార్చిన మందు చీటీలో లేకుండా పోయింది. బీరువా తాళాలు సరిగానే పనిచేశాయి, గుమస్తాల చిట్టాలే కలవలేదు.

అయితే ఆ చిట్టాను కూడా బీరువాలోనే పెట్టి అందరూ దాన్నే చూస్తే సరి కదా అంటే, అదీ చేసి చూశారు. పని తప్పు లేకుండా జరిగింది గాని వేగం కుప్పకూలింది. ఆ చిట్టాలో క్షణానికి వేలసార్లు రాతలు పడుతుంటాయి. ప్రతి రాతకూ మిగతా యంత్రాలను అడిగి తాళం తెచ్చుకోవాలంటే, రెండో సర్వర్ చేర్చగానే వేగం రెట్టింపు కావలసింది పోయి, ఒక్కటే ఉన్నప్పటికంటే ఎన్నో రెట్లు పడిపోయింది.

దీనికి విరుగుడుగా 2006-07లో ట్రిడ్జెల్, రోనీ సాల్‌బర్గ్ తదితరులు సీటీడీబీ అనే ప్రోగ్రాం తయారు చేశారు. 2015లో వచ్చిన సాంబా 4.2 నుంచి అది సాంబాతోనే కలిసి వస్తోంది. ఇందులోని ఉపాయం చక్కనిది. చిట్టా బీరువాలో ఉండదు, గుమస్తాల మెమరీలో ఉంటుంది. ఏ పద్దును ఎవరు చివరగా వాడారో అది వారి దగ్గరే ఉంటుంది. ఇంకొకరికి కావలసివస్తే ఆచూకీ కనుక్కుని తెప్పించుకుంటారు. మరి ఒక యంత్రం హఠాత్తుగా ఆగిపోతే దాని దగ్గరున్న పద్దులు పోవా? పోతాయి. పోనివ్వమన్నారు. ఆ గుమస్తా దగ్గర కాగితం తీసుకున్నవారు ఎలాగూ ఇంకో కిటికీకి వచ్చి మళ్లీ అడగవలసిందే. పాత పద్దుతో ఇక పని లేదు. ఏది పోయినా ఫరవాలేదో గుర్తించడం వల్లనే వేగం దక్కింది. పోకూడని చిట్టాలు కూడా కొన్ని ఉన్నాయి. యంత్రాల రహస్య సంకేతాలు, వాడకందార్ల నంబర్లు అటువంటివి. వాటిని మాత్రం అన్ని యంత్రాల డిస్కుల మీదా రాస్తుంది.

అమర్చే పని

అమరిక చూడబోతే నాలుగైదు ఫైళ్లే. మొదటిది నోడ్స్ అనే ఫైలు. సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే చిరునామాలు అందులో వరసకొకటి రాయాలి. అన్ని యంత్రాల్లోనూ అదే ఫైలు, అదే వరస ఉండాలి. ఈ మాటలు నడిచే లైను వేరుగా ఉండాలి, బయటి కంప్యూటర్లకు అందకూడదు. రెండోది పబ్లిక్ అడ్రసెస్. డాక్టర్ల కంప్యూటర్లు అడిగే చిరునామాలు ఇందులో ఉంటాయి. మూడోది సాంబా సొంత ఫైలులో ‘క్లస్టరింగ్ = యెస్’ అనే ఒక్క వాక్యం. నాలుగోది క్లస్టర్ డిస్కు మీద ఒక తాళం ఫైలు. ఇక సాంబాను మిషన్ లేవగానే తనంతట తాను లేవకుండా చూడాలి. దాన్ని లేపడం, దించడం సీటీడీబీ చేతికి వదిలేయాలి. తరచుగా మరిచిపోయేది ఇదే.

ఒక సర్వర్ పడిపోతే దాని చిరునామాను బతికి ఉన్న సర్వర్ ఎత్తుకుంటుంది. డాక్టర్ కంప్యూటర్‌కు ఈ మార్పు తెలియదు. అది పాత సంభాషణే సాగుతున్నదనుకుని జవాబు కోసం చాలాసేపు కూర్చుంటుంది. అందుకని కొత్తగా చిరునామా ఎత్తుకున్న సర్వర్ కావాలనే ఒక తప్పు లెక్క గల కబురు పంపుతుంది. డాక్టర్ కంప్యూటర్ ‘లెక్క అది కాదు, ఇది’ అని బదులిస్తుంది. ‘నాకు ఆ సంభాషణే తెలియదు’ అని సర్వర్ తెంచేస్తుంది. వెంటనే డాక్టర్ కంప్యూటర్ కొత్తగా కలుపుకుంటుంది. నిమిషాల ఆలస్యం క్షణాలకు వస్తుంది. ఆ సమయంలో సగం రాసిన ఫైలు మాత్రం మళ్లీ రాయవలసిందే. ఏ ఆటంకమూ ఉండదని అమ్మేవారు చెబితే నమ్మకూడదు.

లినక్స్, యూనిక్స్ యంత్రాలు అడిగే ఎన్ఎఫ్ఎస్ పద్ధతికి ఇంకొక జాగ్రత్త ఉంది. సన్ కంపెనీ వారు 1984 ప్రాంతంలో తెచ్చిన ఆ పద్ధతిలో, ప్రతి ఫైలుకూ సర్వర్ ఒక గుర్తు ఇస్తుంది. నాలుగు సర్వర్లూ ఒకే ఫైలుకు ఒకే గుర్తు ఇవ్వాలంటే ఎఫ్ఎస్ఐడీ అనే నంబరును నాలుగింటిలోనూ ఒకటిగా రాయాలి. రాయకపోతే చిరునామా మారిన మరుక్షణం గుర్తు చెల్లదని ఫైళ్లన్నీ మొరాయిస్తాయి.

తమ్ముళ్లు విడిపోతే

అన్నిటికంటే ప్రమాదమైనది యంత్రం చావడం కాదు. మధ్య లైను తెగడం. అప్పుడు రెండు వైపులా ఉన్నవారు అవతలివారు చనిపోయారనుకుంటారు. రెండు వైపులా నాయకుడు పుడతాడు. రెండు వైపులా రాయడం మొదలవుతుంది. ఇందుకే ఆ తాళం ఫైలు. నాయకుడు కావాలంటే ఆ తాళం చేత పట్టుకోవాలి. అది ఒకరికే దొరుకుతుంది, దొరకనివారు తప్పుకుంటారు. కింద క్లస్టర్ ఫైల్ సిస్టమ్ కూడా కబురు అందని యంత్రానికి కరెంటు తీయించి, అది ఆగిందని రూఢి అయ్యాకే ముందుకు సాగాలి. ఈ కరెంటు తీసే ఏర్పాటు అప్పుడప్పుడు అనవసరంగా యంత్రాన్ని ఆర్పి విసిగిస్తుంది. విసుగెత్తి దాన్ని తీసేసేవారున్నారు. బావి గట్టు అడ్డమని కూలగొట్టడం వంటిది ఆ పని.

తాళం నిజమా?

ఇంతా చేసి, తాళాలు నిజంగా అన్ని యంత్రాలకూ తెలుస్తున్నాయా? సీటీడీబీతో పాటు పింగ్‌పాంగ్ అనే చిన్న పరీక్ష ప్రోగ్రాం వస్తుంది. సాంబా ఎక్కించకముందే దీన్ని నడపాలి. క్లస్టర్ డిస్కు మీద ఒక ఫైలు పెట్టి, యంత్రాల సంఖ్యకు ఒకటి కలిపి, అంటే నాలుగు యంత్రాలుంటే 5 అని ఇచ్చి, మొదట ఒక యంత్రం మీద నడపాలి. క్షణానికి ఎన్ని తాళాలు వేసి తీస్తున్నదో చూపుతుంది. ఆ అంకె పెద్దగా ఉంటుంది. తర్వాత అదే ఫైలు మీద రెండో యంత్రంలోనూ నడపాలి.

అప్పుడు అంకె బాగా పడిపోవాలి. కొత్తవారు ఇక్కడ కంగారు పడతారు, వేగం తగ్గిందేమని. తగ్గితేనే మంచిది. ఇద్దరూ ఒకే తాళం కోసం ఒకరినొకరు అడుగుతున్నారని దాని అర్థం. రెండోది నడుస్తున్నా మొదటి దాని వేగం చెక్కుచెదరలేదంటే, ఇద్దరూ ఎవరి తాళం వారు వేసుకుంటున్నారన్నమాట. ఆ డిస్కు మీద సాంబా ఎక్కించకూడదు. రాతను కూడా పరీక్షించే పద్ధతి ఉంది. అందులో పెరుగుదల అంకె ఒక యంత్రానికి 1, రెంటికి 2, మూటికి 3 అని చూపాలి. వేరే అంకె వస్తే ఒకరు రాసింది మరొకరికి కనబడడం లేదని తెలుసుకోవాలి.

పది కంప్యూటర్ల ఆఫీసుకు ఇంత ఏర్పాటు అనవసరం. ఒక మంచి సర్వర్, రోజూ తీసే నకలు, ఆ నకలు వేరే భవనంలో దాచడం చాలు. పెద్ద ఏర్పాటు ఉన్నచోట కూడా నకలు మానకూడదు. ఒకరు పొరపాటున ఫైలు తుడిచేస్తే అది నాలుగు కిటికీల్లోనూ ఒకే క్షణంలో మాయమవుతుంది. నాలుగు యంత్రాలూ ఒకే కరెంటు తీగ మీద ఉంటే నాలుగూ ఒకేసారి పడుకుంటాయి.

కొత్తగా పెట్టినచోట ఒక ఆదివారం ఆఫీసు మూసి ఉన్నప్పుడు, ఒక పెద్ద ఫైలు కాపీ అవుతుండగా ఏదో ఒక సర్వర్ కరెంటు తీసి చూడాలి. ‘సీటీడీబీ స్టేటస్’ అని కొడితే ఆ యంత్రం ఎదురుగా డిస్‌కనెక్టెడ్ అని, మిగతా మూటి ఎదురుగా ఓకే అని రావాలి. ‘సీటీడీబీ ఐపీ’ అని కొడితే పడిపోయిన దాని చిరునామా ఎవరు ఎత్తుకున్నారో కనబడాలి. తర్వాత కరెంటు ఇచ్చి, నాలుగూ ఓకే అయ్యేదాకా అక్కడే కూర్చోవాలి.